నగరంలో వారపు సేంద్రియ అంగడి: విక్రయానికి ముందు పొలంలో వేయవలసిన ప్రణాళిక

తెలంగాణ పల్లెలకు వారపు అంగడి కొత్త కాదు. హైదరాబాదు నగరానికీ అది కొత్త కాదు. గురువారం పేరుమీదనే జుమేరాత్ బజారు వెలసింది. నేటికీ నగరంలోని అనేక బస్తీలలో, కాలనీలలో వారానికొక సాయంత్రం కూరగాయల అంగడి జరుగుతూనే ఉంది. అయితే రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండా పండించిన ఋతు పంటలను రైతే స్వయంగా తెచ్చి, వారంలో ఒక నిర్ణీత దినాన విక్రయించే అంగడి వీటికి భిన్నమైనది. సాధారణ అంగడిలో వ్యాపారి టోకు మార్కెట్టులో దొరికినదానిని కొని తెస్తాడు. సేంద్రియ అంగడిలో రైతు తన పొలంలో ఆ వారం కోతకు వచ్చినదానిని మాత్రమే తేగలడు. ఈ ఒక్క భేదమే దాని బలానికీ, బలహీనతకూ మూలం.

ఇటువంటి అంగడులకు ప్రారంభంలో ఆదరణ లభించినా, కొన్ని నెలలకే బల్లలు వెలవెలబోవడం సాధారణంగా ఎదురయ్యే సమస్య. దీనికి వినియోగదారుల అనాసక్తిని కారణంగా చూపడం పరిపాటి. వాస్తవానికి లోపం తరచుగా పొలంలోనే ఉంటుంది. అంగడి ఏడు రోజులకొకసారి వస్తుంది. పంట మాత్రం తన కాలక్రమం ప్రకారం వస్తుంది. ఈ రెండింటినీ కలిపే విత్తు ప్రణాళిక లేనప్పుడు ఒక వారం సరుకు మిగిలిపోతుంది, మరొక వారం చాలదు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలను వినియోగ క్షేత్రంగా తీసుకొని ఈ ప్రణాళిక స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వానుభవాలు

రైతు నేరుగా వినియోగదారునికి విక్రయించే ఏర్పాటుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైన రైతుబజార్లు పునాది వేశాయి. అంతకు ముందే 1987లో పంజాబ్‌లో అప్నీ మండీలు మొదలయ్యాయి. 1999 నవంబరులో తమిళనాడులో ఉళవర్ సందైలు ప్రారంభమయ్యాయి. గుర్తింపు కార్డు గల రైతుకే స్థలం ఇవ్వడం, ధరను రోజూ బోర్డుపై ప్రకటించడం రైతుబజార్లు నేర్పిన రెండు ముఖ్య పాఠాలు. అయితే అవి ప్రధానంగా దళారీ లేని విక్రయానికి ఉద్దేశించినవి. సాగు పద్ధతికి హామీ ఇవ్వడం వాటి లక్ష్యం కాదు.

సాగు పద్ధతి వైపు నుంచి వచ్చిన అనుభవాలు వేరు. జహీరాబాదు ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు చిరుధాన్యాలను, పప్పులను, పాత పంటల విత్తనాలను నిలబెట్టాయి. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఏనబావి గ్రామం 2006లో తనను తాను రసాయన రహిత గ్రామంగా ప్రకటించుకొంది. హైదరాబాదు కేంద్రంగా గల సుస్థిర వ్యవసాయ కేంద్రం, రైతుల సహకార సంఘాలను నగర వినియోగదారులతో కలపడానికి ‘సహజ ఆహారం’ అనే ఉత్పత్తిదారుల కంపెనీకి తోడ్పడింది. ఈ అనుభవాలన్నింటిలో ఒక సామాన్యాంశం కనిపిస్తుంది. ఒంటరి రైతు కాక, సంఘంగా ఏర్పడిన రైతులే నగర విపణిలో నిలదొక్కుకొన్నారు. దీనికి కారణం ఏడు రోజుల లెక్కలోనే ఉంది.

ఏడు రోజుల లెక్క

వారపు అంగడి దృష్టితో పంటలను మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటి తరగతి, వేచి ఉండలేని పంటలు. ఆకుకూరలు కోసిన నాడే, లేదా మరునాడు ఉదయానికే అమ్ముడుపోవాలి. అయితే వీటి కోతను రైతు కొంతవరకు అంగడి దినానికి అనుగుణంగా జరుపుకోగలడు.

రెండవ తరగతి, మొక్కపై వేచి ఉండలేని పంటలు. బెండ ఇందుకు చక్కని ఉదాహరణ. విత్తిన 45–50 రోజులకు కాపు మొదలైన తరువాత రెండు మూడు రోజులకొకసారి కాయలు కోయక తప్పదు. ఆలస్యమైతే పీచు పట్టి ముదిరిపోతాయి. బీర, గోరుచిక్కుడు, దోస కూడా ఇటువంటివే. వారంలో మూడు కోతలు వస్తే అందులో ఒకటే అంగడికి చేరుతుంది. మిగిలిన రెండు కోతలకు వేరే విక్రయ మార్గం లేనప్పుడు అంగడి ఎంత బాగా జరిగినా రైతుకు నష్టమే.

మూడవ తరగతి, ఓపికగల పంటలు. గుమ్మడి, కంద, చామగడ్డ, ఉల్లి, ఎండుమిర్చి, పప్పులు, చిరుధాన్యాలు, బియ్యం ఈ కోవకు చెందినవి. అంగడి బల్ల ఏ వారమూ ఖాళీగా కనిపించకుండా కాపాడేవి ఇవే.

కొత్తగా చేరే రైతులు సాధారణంగా రెండవ తరగతి పంటలనే అధికంగా వేస్తారు. అంగడికి అనువైన సాగులో మొదటి, మూడవ తరగతులు ప్రధానంగా ఉండి, రెండవ తరగతి మిగిలిన కోతలకు గల విక్రయ అవకాశాన్ని బట్టి పరిమితం కావాలి.

పాలకూర ఉదాహరణ

మొదటి తరగతి పంటను వారం వారం అందించడానికి దఫాలవారీగా విత్తడమే మార్గం. పాలకూర విత్తిన నాలుగు వారాలకు తొలి కోతకు వస్తుందనీ, తరువాత రెండేసి వారాల వ్యవధితో మరి రెండు కోతలు తీయవచ్చనీ అనుకుంటే, ఒక మడి నుంచి 4, 6, 8 వారాలలో ఆకు లభిస్తుంది. దాని పక్క మడిని ఒక వారం ఆలస్యంగా విత్తితే 5, 7, 9 వారాలలో లభిస్తుంది. అనగా రెండు మడులతో ఆరు వరుస వారాలకు సరఫరా ఏర్పడుతుంది. మూడవ మడిని 6వ వారంలో, నాలుగవ మడిని 7వ వారంలో విత్తితే 10వ వారం నుంచి 15వ వారం వరకు కొరత ఉండదు. మొదటి మడి 8వ వారంలో ఖాళీ అయి, 12వ వారంలో తిరిగి పాలకూరకు సిద్ధం కావాలి. నడుమనున్న నాలుగు వారాలలో మెంతికూర వేసి పీకివేయవచ్చు.

ఈ విధంగా నాలుగు చిన్న మడులతో ప్రతి వారమూ పాలకూర, మధ్యమధ్య మెంతికూర లభిస్తాయి. ఈ నలుమడుల పద్ధతి చలికాలానికి బాగా సరిపోతుంది. ఎండలు ముదిరినప్పుడు పాలకూర త్వరగా పూతకు వస్తుంది కనుక అప్పుడు తోటకూర, పుంటికూరలకు మారాలి. భూమి స్వభావం, నీటి వసతి, రకాన్ని బట్టి కోత వ్యవధులు మారుతాయి. కాబట్టి ప్రతి రైతు తన మడులలో తేదీలు నమోదు చేసుకొని లెక్కను సవరించుకోవాలి.

ఋతు క్రమం, ఖాళీ బల్ల

ఋతువు ప్రకారం అంగడికి రాదగిన ముఖ్య పంటలు ఇవి:

వానాకాలం: బెండ, బీర, సొర, కాకర, బోడకాకర, గోరుచిక్కుడు, తోటకూర, పుంటికూర, మొక్కజొన్న కంకులు, కాలం చివరలో సీతాఫలం.

చలికాలం: పాలకూర, మెంతి, కొత్తిమీర, టమాట, వంగ, ముల్లంగి, క్యారెట్, చిక్కుడు, పచ్చి కందికాయలు, అనపకాయలు, ఉసిరి, జామ, రేగు.

వేసవి: తోటకూర, దొండ, దోస, గుమ్మడి, చింతచిగురు, మామిడి, తాటిముంజలు, వీటితోపాటు నిల్వ పప్పులు, చిరుధాన్యాలు.

వీటికి తోడు, కలుపు మందు చల్లని పొలాలలో తమంతట తాము మొలిచే పొనగంటి, గునుగు, తుమ్మి వంటి కూరలు కూడా ఉన్నాయి. వినాయక చవితి నాటికి తుమ్మికూర కోసం నగరవాసులు వెతుక్కోవడం తెలిసినదే. విత్తన ఖర్చు లేని ఈ కూరలను కట్టలు కట్టి తేవడం రైతు కుటుంబంలోని స్త్రీలకు అదనపు ఆదాయం.

ఏప్రిల్, మే నెలలు అంగడికి నిజమైన పరీక్ష. బోర్లలో నీరు తగ్గి, కూరగాయలు సన్నగిల్లుతాయి. వచ్చిన వినియోగదారులు వట్టి చేతులతో వెళ్లిపోతారన్న భయంతో టోకు మార్కెట్టు నుంచి నాలుగు బుట్టలు కొని తెచ్చి బల్ల నింపాలన్న ఆలోచన ఈ సమయంలోనే పుడుతుంది. ఆ నాలుగు బుట్టల సంగతి ఒకసారి బయటపడితే, మిగిలిన రైతులు ఏళ్ల తరబడి కూడబెట్టుకొన్న నమ్మకమంతా పోతుంది. నిజాయితీగల రైతు కూడా ఆ నష్టంలో భాగస్వామి అవుతాడు. కాబట్టి వేసవిలో అంగడిని చిన్నదిగా నడపడం తప్పు కాదు. ‘ఈ వారం టమాట లేదు’ అని బోర్డుపై రాయడం అంగడి గౌరవాన్ని పెంచుతుంది. ఆ లోటును ఓపికగల పంటలతో పూరించడానికి యాసంగి ధాన్యం, పప్పులలో కొంత భాగాన్ని ముందుగానే కేటాయించుకోవాలి.

నమ్మకానికి ఆధారం

సేంద్రియ కాయకూ, రసాయనాలతో పండిన కాయకూ కంటికి కనిపించే తేడా లేదు. పుచ్చు ఉన్నంత మాత్రాన వంకాయ సేంద్రియం కాదు. కనుక హామీ పద్ధతి అవసరం. ఎగుమతులకు, పెద్ద వ్యాపారానికి మూడవ పక్షం ధ్రువీకరణ ఉన్నది గాని, చిన్న రైతుకు దాని ఖర్చు భారం. వారపు అంగడికి భాగస్వామ్య హామీ వ్యవస్థ, అనగా పీజీఎస్, అనువైనది. ఇందులో కనీసం ఐదుగురు రైతులు స్థానిక సమూహంగా ఏర్పడి, ప్రతిజ్ఞ చేసి, ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలిస్తారు. మార్పిడి దశలోని ఉత్పత్తికి ‘గ్రీన్’ ముద్ర, ఆ దశ పూర్తయిన ఉత్పత్తికి ‘ఆర్గానిక్’ ముద్ర లభిస్తాయి. మార్పిడికి సాధారణంగా ఏకవార్షిక పంటలకు రెండేళ్లు, బహువార్షిక పంటలకు మూడేళ్లు పడుతుంది.

2017 నాటి ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ సేంద్రియ ఆహార నిబంధనలు, తుది వినియోగదారునికి నేరుగా విక్రయించే మూల ఉత్పత్తిదారునికీ, ఉత్పత్తిదారుల సంస్థకూ ధ్రువీకరణ విషయంలో మినహాయింపునిచ్చాయి. అయితే మినహాయింపు ఉన్నంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. ప్రతి బల్లపై రైతు గ్రామం, పంట విత్తిన తేదీ, పొలం ఏ దశలో ఉన్నదీ తెలిపే పలక ఉండాలి. మార్పిడి దశలో ఉన్న రైతు ఆ మాట దాచకుండా చెప్పాలి. పక్క పొలం నుంచి మందు కొట్టుకు రాకుండా గట్టుపై జొన్న, సజ్జ వంటి ఎత్తైన పైరును అడ్డుగా వేశారా అన్నది తోటి రైతుల పరిశీలనలో తప్పనిసరి అంశం.

ధర నిర్ణయం

రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వినియోగదారుడు చెల్లించే రూపాయిలో రైతుకు దక్కే వాటా టమాటలో 33 శాతం, ఉల్లిలో 36 శాతం, బంగాళాదుంపలో 37 శాతం. నేరుగా విక్రయించినప్పుడు మిగిలిన భాగమంతా రైతుకు లాభంగా మిగలదు. రవాణా, తరుగు, ఒక రోజు శ్రమ అందులోంచే పోవాలి. ఒక్కొక్క రైతు ఒక్కొక్క బండి కట్టుకొని రావడం గిట్టుబాటు కాదు. ఐదారుగురు ఒకే వాహనంలో సరుకు పంపి, వంతులవారీగా ఇద్దరు అంగడిలో కూర్చోవడం మేలు.

రోజువారీ టోకు ధరను అనుసరించే బదులు, సాగు ఖర్చు ఆధారంగా ఋతువు మొత్తానికి ఒకే ధర నిర్ణయించుకోవడం ఇటువంటి అంగడికి తగిన పద్ధతి. ధర పడిపోయినప్పుడు ఇది రైతును, పెరిగినప్పుడు వినియోగదారుని కాపాడుతుంది. 2023 జూలైలో టమాట కిలో నూరు రూపాయలు దాటినట్టి సందర్భాలలో రైతుకు సరుకును బోయిన్‌పల్లి మార్కెట్టుకు తరలించాలనిపించడం సహజం. అందుకే కొంత పరిమాణాన్ని అంగడికి తప్పక ఇచ్చేటట్లు, మిగిలినదానిపై స్వేచ్ఛ ఉండేటట్లు సమూహంలో ముందుగానే ఒడంబడిక చేసుకోవాలి.

వినియోగ క్షేత్రం

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఆనుకొని ఉన్నా, వాటిలో రెండు భిన్న వినియోగదారుల వర్గాలు ఉన్నాయి. మొదటిది, చాలాకాలంగా నివసిస్తున్న కుటుంబాలు. వీరు పూట పూటా వండుకొంటారు, కూరల రకాలు ఎరుగుదురు. రెండవది, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలకూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికీ పోటీ పరీక్షల కోసం వచ్చి వసతి గృహాలలో ఉండే యువత. వీరిలో ఎక్కువమంది వంట చేసుకోరు. వీరికి జామ, అరటి, రేగు, ఉడికించిన పల్లికాయలు, మొక్కజొన్న కంకులు కావాలి. వసతి గృహాల వంటశాలలకు ధర ముఖ్యం, ఆకారం కాదు. చిన్నవైనా, వంకరగా ఉన్నా చెడని కాయలను, అంగడి లేని రోజులలో కోసిన బెండ, బీరలను వాటికి ముందస్తు మాట ప్రకారం సరఫరా చేయగలిగితే, రెండవ తరగతి పంటల చిక్కు కొంతవరకు తీరుతుంది.

కుటుంబాలకు కూడా ఏడు రోజుల లెక్క చెప్పాలి. మొదటి రెండు రోజులకు ఆకుకూరలు, మధ్య రోజులకు బెండ, బీర, వంగ, చివరి రోజులకు గుమ్మడి, కంద, పప్పులు అన్న క్రమంలో బుట్ట సిద్ధం చేసి ఇస్తే ఇంట్లో వృథా తగ్గుతుంది. ముందుగా బుట్ట చెప్పుకొనే కుటుంబాల సంఖ్య తెలిస్తే రైతు ఎన్ని మడులు విత్తాలో తేలుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఆకుకూరలను అంగడికి ముందురోజు సాయంత్రం చల్లబడిన తరువాత కోసి, తడి గోనెసంచి కప్పి ఉంచాలి. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన శక్తి రహిత శీతల గదిని రెండు వరుసల ఇటుక గోడల నడుమ ఇసుక నింపి, దానిని తడుపుతూ గ్రామంలోనే నిర్మించుకోవచ్చు. దీనికి విద్యుత్తు అవసరం లేదు.

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు సాగు సలహాతో ఆగక, ప్రతి సమూహానికి వారాలవారీ విత్తు పట్టికను తయారు చేయించాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పాల్గొనే విద్యార్థులు ఒక రైతు మడుల విత్తు, కోత తేదీలను, ఒక అంగడి దినాన తెచ్చిన, అమ్మిన, మిగిలిన పరిమాణాలను పక్కపక్కన నమోదు చేస్తే, లోపం పొలంలో ఉన్నదా, విక్రయంలో ఉన్నదా అన్నది స్పష్టమవుతుంది.

ముగింపు

వారపు సేంద్రియ అంగడి విజయం అంగడి దినాన తేలినా, దాని నిర్ణయం అంతకు కొన్ని వారాల ముందు మడిలో విత్తనం పడిననాడే జరుగుతుంది. ఏడు రోజుల వ్యవధికి తగిన పంటలను ఎంచుకొని, దఫాలవారీగా విత్తి, లేనిదానిని లేదని చెప్పగలిగిన రైతు సమూహానికి నగరంలో స్థిరమైన వినియోగదారులు ఏర్పడతారు. అటువంటి ప్రణాళికను రైతు చేతికి అందించడం విస్తరణ యంత్రాంగం బాధ్యత.