గతుకుల బాటలో వంపు హ్యాండిల్ సైకిలు



పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిలును మీరు చూసే ఉంటారు. మనవాళ్లు దాన్ని రేసు సైకిలు అంటారు. అది నున్నటి తారు రోడ్డు మీదే నడుస్తుందనీ, గతుకుల్లోకి దింపితే మనిషి బోర్లా పడతాడనీ చాలామంది అభిప్రాయం. ఇందులో సగమే నిజం. పడేసేది హ్యాండిల్ కాదు. సన్నటి టైరు, అందులో బిర్రుగా ఎక్కించిన గాలి, బిగుసుకుపోయిన చేతులు. ఈ మూడూ సరిచేసుకుంటే ఆ తరహా సైకిలు డొంకదారిలోనూ చక్కగా నడుస్తుంది.

ముందుగా కొంచెం చరిత్ర చెప్పుకుందాం. 1903లో టూర్ డి ఫ్రాన్స్ పందెం మొదలైనప్పుడు ఫ్రాన్సులో రోడ్లు చాలావరకు దుమ్ము రోడ్లే, కంకర రోడ్లే. పందెగాళ్లు వంపు హ్యాండిళ్లు పట్టుకుని వాటి మీదే వందల కిలోమీటర్లు తొక్కారు. పొలాలకు అడ్డంపడి, బురదలో తొక్కి, తొక్కలేని చోట సైకిలును భుజాన వేసుకుని పరుగెత్తే సైక్లోక్రాస్ పందెం కూడా అక్కడే వేళ్లూనింది. దాని ప్రపంచ పోటీలు 1950లో పారిస్‌లో మొదలయ్యాయి. కంకర బాటల పందేనికి, అంటే గ్రావెల్ పందేనికి, తొలి ప్రపంచ పోటీ 2022లో ఇటలీలో జరిగింది. కాబట్టి వంపు హ్యాండిల్‌కు గతుకులు కొత్త కాదు. తారు రోడ్డే దానికి తర్వాత దొరికిన సుఖం.

ఇక మన ప్రాంతానికి వద్దాం. గేట్ బజార్‌లో సైకిలెక్కి తూర్పుకు తిరిగితే గోపాల్‌పూర్ తీరం 16 కిలోమీటర్ల దరిదాపు. తారు రోడ్డు వదిలితే సరుగుడు తోటల ఇసుక, గట్ల వెంట మొగలి పొదలు. పడమటగా దిగపహండి మీదుగా తప్తపాణి కొండలవైపు పోతే ఎర్రమట్టి, కంకర, అక్కడక్కడ గెడ్డలు. నేల మారినప్పుడల్లా తొక్కే తీరు కూడా మారాలి.

మొదట టైరు సంగతి. పాలవాళ్లు, చేపలవాళ్లు తొక్కే పాత నల్ల సైకిలు టైరు వెడల్పు అంగుళంన్నర, అంటే 38 మిల్లీమీటర్లు. ఈనాటి గ్రావెల్ సైకిళ్లకు కూడా దాదాపు అంతే, లేదా ఇంకొంచెం ఎక్కువ, 40 నుంచి 45 దాకా ఉంటుంది. రేసు సైకిలుకు మాత్రం 25, 28 మిల్లీమీటర్లే. అందుకని మీ సైకిలు ఫోర్కులోనూ, వెనుక ఫ్రేములోనూ ఎంత వెడల్పు టైరు పడుతుందో ముందు చూసుకోండి. టైరుకు రెండు పక్కలా ఖాళీ మిగలాలి. లేకపోతే వానాకాలంలో ఎర్రమట్టి మెత్తుకుని చక్రం తిరగదు.

రెండోది గాలి. సన్నటి టైరుకు 80, 90 పౌండ్లు ఎక్కించడం అలవాటు. అదే గాలి వెడల్పు టైరుకు ఎక్కిస్తే ప్రతి రాయికీ చక్రం ఎగిరి పడుతుంది, నేలమీద పట్టు ఉండదు. ట్యూబు ఉన్న 40 మిల్లీమీటర్ల టైరుకు, 65, 70 కిలోల మనిషికి, 40 పౌండ్ల దరిదాపు చాలు. అప్పుడు టైరు రాయి మీద కాస్త అణిగి దాన్ని దాటుతుంది. ఇసుకలో ఇంకొంచెం తగ్గించవచ్చు. కానీ మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. తుమ్మముల్లు సంగతి సరేసరి. పంపు, ప్యాచీలు, ఒక ట్యూబు వెంట లేకుండా బయలుదేరకండి.

మూడోది చేతులు. ఈ హ్యాండిల్‌ను మూడు చోట్ల పట్టుకోవచ్చు. పైన అడ్డంగా ఉన్న భాగం ఎత్తు ఎక్కేటప్పుడు హాయి. బ్రేకుల మొదట్లో ఉండే రబ్బరు పిడి మామూలు దారికి. కింది వంపు దిగుడుకు. కింద పట్టుకోవడానికి భయపడేవాళ్లే ఎక్కువ, కాని దిగుడులో భద్రత అక్కడే ఉంది. గునపంతో బండను కదిలించేటప్పుడు చివర పట్టుకుంటాం కదా! అలాగే కింది వంపు పట్టుకుంటే వేళ్లు బ్రేకు కొసకు అందుతాయి, తక్కువ బలంతోనే బ్రేకు పడుతుంది. గతుక్కు చెయ్యి జారదు కూడా.

దిగేటప్పుడు రెండు పెడళ్లూ సమానంగా ఉంచి, సీటు మీంచి కాస్త లేచి, నడుము వెనక్కి జరపండి. మోచేతులు, మోకాళ్లు వంచి ఉంచండి. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కకండి. మలుపు రాకముందే వేగం తగ్గించండి. తడిసిన రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుందని మరవకండి. గెడ్డలో అడుగు కనిపించకపోతే దిగి నడిపించండి, అందులో చిన్నతనం లేదు.

హెల్మెట్ తప్పనిసరి. ఎందుకింత జాగ్రత్త అంటారా? పడినప్పుడు మనం నేలకు ఆనించేది అరచెయ్యి, విరిగేది మణికట్టు. పట్టుచీరలు నేసే ఊరు మనది. మగ్గం ముందు కూర్చునే మనిషికి మణికట్టు విరిగితే ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం.

అందుచేత మొదటివారం దగ్గరలోని ఖాళీ మైదానంలో, కొంచెం వాలుగా ఉన్నచోట కింది వంపు పట్టుకుని బ్రేకు వేయడం అభ్యాసం చేయండి. చేతులకు ఆ అలవాటు పట్టాకే కొండదారి పట్టండి.