కాలువ చేపను ఇంటి తొట్టికి అలవాటు చేయుట

పొలము కాలువలో పిల్లలు పట్టి తెచ్చిన పరిగెలు గాజు తొట్టిలో మూడు దినములైన బ్రతుకకుండుట మనము తరచు చూచుచున్నాము. "అడవి చేప ఇంట బ్రతుకదు" అని పెద్దలు అందురు. అది నిజము కాదు. చేపను చంపునది తొట్టి కాదు, హఠాత్తుగా కలిగిన మార్పు. నారు పీకి నాటిన తరువాత మూన తిరుగుటకు కొన్ని దినములు పట్టునని రైతులకు తెలియును. చేపకును అట్టి గడువు ఈయవలెను.

తొట్టి సిద్ధపరచుట

చేపను తెచ్చుటకు ముందే తొట్టిని సిద్ధము చేయవలెను. కుళాయి నీటిలోని క్లోరిన్ చేప మొప్పలను కాల్చును. కావున ఆ నీటిని వెడల్పు పాత్రలో ఒకటి రెండు దినములు ఆరుబయట నిలువ ఉంచి, అప్పుడప్పుడు కలుపుచుండవలెను. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. దానిని ఎత్తు నుండి పోసి గాలి పట్టించవలెను. అడుగున కడిగిన ఇసుక, దాగుటకు రాళ్లు, నీటి మొక్కలు ఉంచవలెను. తొట్టిపై ఎండ పడరాదు. పరిగెలు ఎగిరి దూకును గనుక పైన వల కప్పవలెను.

పట్టుట, దింపుట

పురుగుమందు చల్లిన చేల నుండి వచ్చు నీటిలో చేపలను పట్టరాదు. చల్లని ఉదయమున పట్టి, అదే నీటిలో, మూతగల బకెట్టులో తేవలెను. నలుబది లీటర్ల తొట్టికి చిన్న పరిగెలు 5 లేక 6 చాలును. ఇవి గుంపుగా తిరుగు చేపలు. ఒంటరిగా ఉంచిన బెదరును.

చేప రక్తములో ఉప్పు బయటి మంచినీటికంటె హెచ్చు. అందుచే నీరు ఎడతెగక శరీరములోనికి చొచ్చుచుండును; చేప దానిని బయటకు తోయుచుండును. నీటి గుణము ఒక్కసారిగా మారిన ఈ పని తప్పును. కావున బకెట్టులో పది నిమిషములకొక గ్లాసు చొప్పున తొట్టి నీటిని ఒక గంటసేపు కలిపి, తరువాత చేపను మాత్రమే వలతో ఎత్తి దింపవలెను. కాలువ నీటిని తొట్టిలో పోయరాదు. జలగలు, పేలు దానితో వచ్చును.

మొదటి మూడు వారములు

ఇంట ఇదివరకే చేపలున్న యెడల, క్రొత్తవానిని మూడు వారములు వేరు తొట్టిలో ఉంచవలెను. ఒంటిపై ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడిన అది అంటువ్యాధి యని ఎరుగవలెను.

మొదటి దినమున మేత వేయరాదు, దీపము పెట్టరాదు. రెండవ దినము నుండి దోమ పిల్లపురుగులను కొద్దిగా వేయవలెను. కదలు మేతకు అలవాటు పడిన చేప పొడి మేతను వెంటనే ముట్టదు. వారము తరువాత మెత్తగా పొడిచేసిన వేరుసెనగ చెక్క, తవుడు చిటికెడు కలుపుచు మరపవలెను. రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే మేత.

ఎక్కువ మేత వేయుటయే పెద్ద తప్పు. చేప విసర్జనము, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుట్టును; అది విషము. మెట్టభూమిలో మనము వేసిన అమ్మోనియం సల్ఫేటును నైట్రేటుగా మార్చు సూక్ష్మజీవుల వంటివే తొట్టిలోను ఆ విషమును విరుచును. కాని క్రొత్త తొట్టిలో అవి వృద్ధియగుటకు 4 నుండి 6 వారములు పట్టును. అంతవరకు రెండు మూడు దినములకొకసారి నాలుగవవంతు నీటిని మార్చుచుండవలెను. చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్న యెడల వెంటనే మార్చవలెను.

ఒక హెచ్చరిక

అంగడిలో కొన్న చేపలను చెరువులో గాని కాలువలో గాని ఎన్నడును వదలరాదు. అలంకారమునకై తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప ఈ విధముగనే మన నీళ్లలో చేరి, తన ముండ్లతో జాలరుల వలలను పాడుచేయుచున్నది. గ్రామాధికారులు ఈ సంగతిని పాఠశాలలలో పిల్లలకు తెలియజేయుట మంచిది.

చేప పిల్లకు ఈత నేర్ప నక్కరలేదు. దానికి తగిన నీటిని, కొంత గడువును ఇచ్చుటయే మన పని.