ఊరి పేరే పెట్టుబడి

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని సామెత. మన సంగతి దీనికి తలక్రిందులుగా ఉన్నది. ఊళ్లలో పనితనము కలదు, ఆ పనితనమునకు పేరు లేదు. అరుప్పుకోటలో మగ్గము దిగిన చీర దూరపు బజారుకు చేరేసరికి వట్టి నూలు చీర అయిపోతున్నది. ఏ ఊరి నేత అని అడిగేవారు లేనిచోట బేరగాడు చెప్పినదే ధర.

చిన్న దేశములు కూడ ఈ చిక్కులో పడి బయటికి వచ్చినవే. సింగపూరును చూడండి. ఆ దేశము నేటికీ మన విరుదునగరము జిల్లా విస్తీర్ణములో అయిదవ వంతుకు రాదు. త్రాగునీరు సైతము పొరుగు దేశమునుండి తెచ్చుకొనుచున్నది. అయినను పరిశ్రమలను రప్పించుటకు 1961లో ఆర్థికాభివృద్ధి మండలిని, యాత్రికులను రప్పించుటకు 1964లో పర్యాటక ప్రచార మండలిని పెట్టుకొన్నది. వేరు దేశమైనది 1965లో! 1968లో నాటి మలేసియా–సింగపూరు విమాన సంస్థ పరిచారికలకు పారిస్ నగరపు బాల్మేన్ బాతిక్ బట్టతో దుస్తులు రూపొందించెను. 1972లో సింగపూరు సంస్థ విడివడిన పిమ్మట ఆ దుస్తులే దానికి గుర్తుగా నిలిచినవి. ఒక గుడ్డ దేశమునకు ఎంత ప్రచారము చేయగలదో నేతవారికి వేరే చెప్పనక్కరలేదు.

అంత దూరము పోనేల? మన ప్రక్కనే శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా 2019లోను, కోవిల్‌పట్టి కడలై మిఠాయి 2020లోను భౌగోళిక గుర్తింపు పొందినవి. వేరుసెనగ, బెల్లము, తామ్రపర్ణి నీరు – ఇంతే సరుకు. కాని చేసేవారు సంఘముగా కూడి దరఖాస్తు పెట్టుకొన్నారు. ఇప్పుడు మరొక ఊరివారు ఆ పేరు అంటించి అమ్మితే చట్టరీత్యా నేరము. తెలంగాణములోని పోచంపల్లి నేతవారు ఈ పని చాల ముందే చేసినారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎంచినది. యాత్రికుడు మగ్గము దగ్గరకే వచ్చి కొనుటకు దారి ఏర్పడినది.

ఇక పెట్టుబడి మన గుమ్మములోనికే వచ్చుచున్నది. విరుదునగరము జిల్లా కుమారలింగాపురమున 1,052 ఎకరములలో వస్త్ర పార్కు పెట్టుటకు 2023లో నిర్ణయమైనది. పెద్ద యంత్రములతో గజముల లెక్కన మనము పోటీపడలేము. పేరుతో మాత్రము నిలువగలము.

కనుక మేము కోరునది ఇది. మీ ఊరి నేతకు ఆ గుర్తింపు ఇంకను లేనిచో సంఘము పేర దరఖాస్తుకు పూనుకొనండి. 1999 నాటి చట్టము 2003 నుండి అమలులో ఉన్నది. రిజిస్ట్రీ చెన్నై గిండీలోనే కలదు. నూలు నంబరు, అంచు, అద్దకము, ఎన్ని తరములుగా ఏయే ఊళ్లలో నేయుచున్నారు – ఇవన్నియు రుజువులతో చూపవలెను. పేరు నమోదైనంతమాత్రాన పని తీరదు. ప్రతి నేతకుటుంబము అధీకృత వాడుకదారుగా వేరుగా నమోదు కావలెను. లేనిచో పేరు మనది, లాభము వర్తకునిది అగును. పది సంవత్సరములకొకసారి నమోదును పునరుద్ధరించుట మరువరాదు.

మీ ఇంటి పెట్టెలో అవ్వగారి నాటి చీర, తాతగారి నాటి నూలు చిట్టా ఉండవచ్చును. పాతవని పారవేయకండి. రేపు మన పేరును నిలబెట్టు సాక్ష్యములు అవియే. వచ్చే సంఘ సమావేశమునకు వాటిని తప్పక తీసుకొని రండి.