చిన్నపేగు పరీక్షకు నూతన ఎండోస్కోపీ పరికరాలు: రోగుల భద్రతకు పాటించవలసిన జాగ్రత్తలు

కార్వేటినగరం (చిత్తూరు జిల్లా): కారణం తెలియని రక్తహీనత, నల్లని మలం, ఎంతకీ తగ్గని కడుపునొప్పితో బాధపడే రోగికి సాధారణ ఎండోస్కోపీలోనూ, కొలనోస్కోపీలోనూ ఏ లోపమూ బయటపడనప్పుడు వైద్యుల దృష్టి చిన్నపేగుపైకి మళ్లుతుంది. దాదాపు ఆరు మీటర్ల పొడవున మెలికలు తిరిగి ఉండే ఈ భాగాన్ని శస్త్రచికిత్స చేయకుండా పూర్తిగా చూడడం ఒకప్పుడు సాధ్యమయ్యేది కాదు. గత పాతికేళ్లలో వచ్చిన పరికరాలు ఆ లోటును తీర్చాయి. కార్వేటినగరం పరిసర గ్రామాల రోగులు ఇటువంటి పరీక్షల కోసం తిరుపతి, వేలూరు, చెన్నై నగరాలకు వెళ్లవలసి ఉంటుంది. పరీక్ష నగరంలో జరిగినా, ఆ తర్వాత ఇబ్బంది తలెత్తితే రోగి మొదట చేరేది ఊరికి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికే. అందువల్ల ఈ పరికరాల గుణదోషాలు స్థానిక వైద్య సిబ్బందికి కూడా తెలిసి ఉండడం అవసరం.

వీటిలో మొదటిది కెమెరా మాత్ర. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. సుమారు 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల మందం గల ఈ మాత్రను రోగి నీటితో మింగితే, అది పేగులో ప్రయాణిస్తూ వేలాది చిత్రాలను నడుముకు కట్టిన యంత్రానికి పంపుతుంది. మత్తు అవసరం లేదు. ఒకసారి వాడిన మాత్రను మరొకరికి వాడరు కనుక ఒకరి నుంచి మరొకరికి వ్యాధి సోకే ప్రసక్తి లేదు. అయితే, మాత్ర మింగినంత తేలికైన పరీక్ష అని పత్రికలు రాయడం సగం మాత్రమే నిజం. పరీక్ష చేయించుకున్నవారిలో నూటికి ఒకరిద్దరికి మాత్ర రెండు వారాలకు పైగా లోపలే నిలిచిపోవచ్చు. పేగు ఇరుకైనవారిలో ఈ ప్రమాదం అధికం. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి, దీర్ఘకాలం నొప్పి మాత్రల వాడకం, గతంలో జరిగిన పొత్తికడుపు శస్త్రచికిత్స లేదా రేడియేషన్ చికిత్స ఇందుకు కారణాలు. క్షయ ఇంకా విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు. అనుమానం ఉన్నప్పుడు ముందుగా స్కానింగ్ చేయడమో, లోపలే కరిగిపోయే నమూనా మాత్రను ఇచ్చి చూడడమో జరుగుతుంది. కెమెరా మాత్ర బయటికి వచ్చినట్లు నిర్ధారణ అయ్యే వరకు ఎమ్మారై స్కానింగ్ చేయరాదు. మాత్ర నిలిచిపోతే ఎండోస్కోపీ ద్వారా గాని, కొన్ని సందర్భాలలో శస్త్రచికిత్స ద్వారా గాని తీయవలసి వస్తుంది.

కెమెరా మాత్ర చూడగలదే గాని చికిత్స చేయలేదు. ముక్క తీసి పరీక్షకు పంపాలన్నా, రక్తస్రావాన్ని ఆపాలన్నా గొట్టంతో కూడిన పరికరం కావాలి. జపాన్ వైద్యుడు హిరోనోరి యమమోటో రూపొందించిన రెండు బెలూన్ల ఎంటరోస్కోపీ విధానం 2001లో వైద్యలోకానికి పరిచయమైంది. పేగు చిల్లుపడడం, రక్తస్రావం, క్లోమగ్రంథి వాపు దీనివల్ల అరుదుగా తలెత్తే సమస్యలు. పరీక్ష తర్వాత తీవ్రమైన కడుపునొప్పి వస్తే దానిని గ్యాస్ నొప్పిగా భావించి పంపివేయరాదు.

తరువాత వచ్చిన మోటారు స్పైరల్ ఎంటరోస్కోప్ చరిత్ర తెలుగువారికి దగ్గరిది. చుట్టూ మర వంటి అంచుగల తొడుగును మోటారు తిప్పుతుంటే, చీర కుచ్చిళ్ల వలె పేగు మడతలు పడి పరికరం మీదికి చేరుతుంది. పరీక్షకు పట్టే సమయం తగ్గుతుంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 61 మంది రోగులపై దీనిని ఉపయోగించి, 2021లో ప్రచురించిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. సుమారు 60 శాతం మందిలో చిన్నపేగు మొత్తాన్ని చూడగలిగారు. నిరోధం ఎక్కువైతే మోటారు ఆగిపోయే ఏర్పాటు కూడా ఈ పరికరంలో ఉన్నది. అయినప్పటికీ, వివిధ దేశాల నుంచి తీవ్రమైన ప్రతికూల ఘటనల సమాచారం అందడంతో తయారీ సంస్థ ఒలింపస్ 2023లో దీనిని మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నది. హైదరాబాద్ వైద్యుల అధ్యయనంలో లోపమున్నదని దీని అర్థం కాదు. వెయ్యిమందిలో ఒకరికి ఎదురయ్యే ప్రమాదం 61 మందిలో కనిపించకపోవడమే సహజం. వేల సంఖ్యలో వాడిన తరువాత, అదీ వాడినవారు దాచకుండా తెలియజేసినప్పుడే అటువంటి ప్రమాదం వెలుగులోకి వస్తుంది.

మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు-2017 అనే చట్టబద్ధ నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నింటినీ ఔషధాల పరిధిలోకి తెచ్చారు. ఊహించని తీవ్ర ఘటన జరిగినట్లు అనుమానం కలిగితే లైసెన్సు పొందిన సంస్థ 15 రోజులలోగా సంబంధిత అధికారికి తెలియజేయాలి. ఆసుపత్రుల నుంచి సమాచారం సేకరించేందుకు 2015 జూలైలో ప్రారంభమైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నిర్వహిస్తున్నది. వైద్యులే కాక నర్సులు, సాంకేతిక సిబ్బంది, రోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

కెమెరా మాత్ర మింగి ఊరికి తిరిగివచ్చే రోగి తన వద్ద ఒక చీటీ ఉంచుకోవాలి. పరీక్ష జరిగిన తేదీ, పరికరం పేరు, మాత్ర బయటికి వచ్చినదీ లేనిదీ, ఆసుపత్రి ఫోన్ నంబరు అందులో ఉండాలి. కడుపు ఉబ్బరం, వాంతులు, మలబంధంతో ఆసుపత్రికి వస్తే ముందుగా ఆ చీటీ చూపించాలి. మాత్ర లోపలే ఉన్నదా అనేది సాధారణ ఎక్స్-రేలోనే తెలిసిపోతుంది.