సవరం పుట్టుపూర్వోత్తరాలు

నందిగామ, జగ్గయ్యపేట వైపు పల్లెల్లో, చెవిటికల్లయినా మరో ఊరయినా, దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను ఆడవాళ్లు పారేసేవారు కాదు. ఉండచుట్టి చూరులో దోపేవారు. వెంట్రుకలు కొనేవాడు వస్తే పిన్నీసులకో బుడగలకో ఇచ్చేసేవారు. అదే మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడిలో భక్తులిచ్చిన తలనీలాలకైతే వేలంపాట. తిరుమలలో పొడవును బట్టి రకాలుగా విడదీసి మరీ అమ్ముతారు.

రెండూ మనిషి జుట్టే. తేడా అంతా వెంట్రుక మీది పొలుసుల్లో ఉంది. కెరటిన్ అనే ప్రొటీనుతో తయారైన ఈ పొలుసులు పెంకుటింటి కప్పులా, కుదురు నుంచి కొసవైపుకి ఒకదానిమీదొకటి పరుచుకుని ఉంటాయి. ఒక్క వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ముందుకీ వెనక్కీ నలిపి చూడండి. ఎలా నలిపినా అది కుదురు వైపుకే జరుగుతుంది. పొడవు జుట్టును ముడివేసి గీస్తే కుదుళ్లన్నీ ఒక పక్కే ఉంటాయి. చూరులో ఉండకు ఆ వరస ఉండదు. ఎదురుబొదురైన పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడతాయి. అందుకే అలాంటి జుట్టును ఫ్యాక్టరీలో యాసిడ్‌లో ముంచి పొలుసులు ఊడగొట్టి, సిలికోన్ పూత పూస్తారు. కొత్తలో నిగనిగలాడుతుంది. నాలుగుసార్లు తలంటితే పూత పోయి అసలు రంగు బయటపడుతుంది.

పొలుసుల గొడవే లేని వెంట్రుక ప్రయోగశాలలో పుట్టింది. 1935 ఫిబ్రవరి 28న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. మేజోళ్లకంటే ముందే, 1938లో, అది టూత్‌బ్రష్షుల్లో పందివెంట్రుకల చోటు ఆక్రమించింది. 1957లో జపాన్‌వాళ్ల కానెకలాన్ అనే కృత్రిమ దారం వచ్చింది. అందులో క్లోరిన్ ఉండటంతో నిప్పు త్వరగా అంటుకోదు.

లోపాలూ లేకపోలేదు. అసలు జుట్టు తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకోగలదు. కృత్రిమ జుట్టు చెమటను పట్టించుకోదు. గోరింటాకు ఎక్కదు. ఇస్త్రీ వేడికి కరుగుతుంది. నూనె రాస్తే దుమ్ము పేరుకోవడమే మిగులుతుంది.

అయినా కూచిపూడి రంగస్థలానికి నా ఓటు దీనికే. భామాకలాపంలో సత్యభామ తెరమీదుగా జడ విసిరే ఘట్టం ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటి మగవారు స్త్రీపాత్రలు కట్టి మెప్పించిన సంప్రదాయమది. అలాంటి జడ తేలిగ్గా ఉండాలి, ప్రతి రాత్రీ చిక్కు తీసే పని పెట్టకూడదు. లైట్ల కింద మెరుపు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. పెళ్లికూతురి సవరం సంగతి వేరు. దగ్గరగా చూసే కళ్లుంటాయి, సొంత జుట్టులో కలిసిపోవాలి. అక్కడ కుదుళ్లన్నీ ఒకవైపున్న అసలు జుట్టే కొనాలి. యాసిడ్‌లో మునిగిన చవక జుట్టుకంటే మంచి కృత్రిమమే నయం.

కొనేముందు ఓ పోగు తీసి కాల్చండి. జుట్టయితే కమురు వాసన కొట్టి, నలిపితే పొడవుతుంది. కృత్రిమమైతే ముడుచుకుని గట్టి పూసవుతుంది. కొట్టువాడు పోగు తియ్యనివ్వకపోతే పక్క కొట్టు చూసుకోండి.