రైతు కట్టిందీ చరిత్రే!

గుంటూరు, ప్రకాశం సీమల్లో పాత కట్టడాలంటే కొండవీటి కోట, అమరావతి స్తూపం చెబుతారు. రైతు కట్టుకున్న పాక, కొట్టం, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ల వెనకా రికార్డులకు తక్కువేం లేదు.

పాక పోలికలో గుడి
పల్నాడు జిల్లా చేజర్లలోని కపోతేశ్వరాలయం రాష్ట్రంలో నిలిచి ఉన్న అతి పాత ఇటుక కట్టడాల్లో ఒకటి. మొదట బౌద్ధ చైత్యం, తర్వాత శివాలయమైంది. వెనక గోడ గుండ్రంగా, కప్పు ఏనుగు వీపులా ఉంటుంది. కర్రతో, గడ్డితో వేసే శాలల ఆకారాన్నే ఇటుకలో కట్టారు.

ఇళ్ళకు తాళాలేసిన ఊరు
చీరాల, పేరాలను మున్సిపాలిటీగా మార్చి పన్నులు పెంచినందుకు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో వేలాది మంది ఇళ్ళు వదిలేశారు. ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు అక్కడే కాపురాలు చేశారు.

ఆరని పొయ్యి
గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు 1920 ప్రాంతంలో మొదలైంది. ఆ తర్వాత ఎత్తయిన గోడల బ్యారన్లు వచ్చాయి. పొయ్యి బయట, ఇనుప గొట్టాలు లోపల. పొగ గొట్టాల్లోంచే పైకి పోతుంది, ఆకుకు వేడి ఒక్కటే తగులుతుంది. కర్రలకు కట్టిన పచ్చాకును వరసలు వరసలుగా వేలాడదీస్తారు. సుమారు 35 డిగ్రీలతో మొదలుపెట్టి 70 డిగ్రీల దాకా పెంచుతారు. ముందు ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఎండాలి, చివరికి ఈనె ఎండాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే ఉండిపోతుంది. అందుకే అయిదారు రోజులు రాత్రింబవళ్ళు కాపలా. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది.

కొట్టంలోంచి గిన్నిస్‌లోకి
బ్రెజిల్ నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతతే. వాటిలో వియాటినా-19 అనే ఆవు బరువు 1,101 కిలోలు. 2023 వేలంలో అందులో మూడోవంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం విలువ 43 లక్షల డాలర్లుగా తేలింది. అంటే దాదాపు 35 కోట్ల రూపాయలు! ప్రపంచంలోనే ఖరీదైన ఆవుగా గిన్నిస్‌లోకెక్కింది. ఆ జాతిని తరతరాలుగా మేపి నిలబెట్టింది మన కొట్టాలే.

కల్లం నుంచి యార్డుకు
గుంటూరు మిర్చి యార్డుకు ఆసియాలోనే అతి పెద్దదన్న పేరుంది. అక్కడికొచ్చే ప్రతి టిక్కీ (మిర్చి బస్తా) ముందు ఏదో ఒక ఊరి కల్లంలో ఎండిందే.

వందేళ్ళ లెక్క
చట్టం ప్రకారం చారిత్రక కట్టడంగా ప్రకటించాలంటే కనీసం వందేళ్ళ వయసుండాలి. 1920లలో కట్టిన బ్యారన్ ఎక్కడ మిగిలి ఉన్నా ఆ అర్హతకు వచ్చేసింది, లేదా వచ్చేస్తోంది. కోటలకిచ్చే విలువ వీటికీ ఇవ్వాలి. మీ ఊళ్ళో పాత బ్యారన్, మండువా లోగిలి ఉంటే కూల్చకముందే ఫొటోలు తీయండి, కొలతలు రాయండి. కట్టిన మేస్త్రీ పేరు తెలిసిన పెద్దలను ఇప్పుడే అడగండి.