ఎనిమిది మంది తరగతిని శాతాల్లో కొలవొచ్చా?

తెలంగాణలో మా నర్సాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ఉండే సర్కారు బళ్లలో చిన్నవి ఎన్నో. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఇద్దరు టీచర్లు. విద్యాహక్కు చట్టం లెక్కలో కూడా 60 మంది పిల్లల వరకు ఇద్దరే. అలాంటి ఒక బడిని ఊహించుకుందాం. మూడో తరగతిలో ఎనిమిది మంది. కిందటేడు పరీక్ష పెడితే నలుగురు కథ తడబడకుండా చదివారు, అంటే 50 శాతం. ఈ ఏడు ఆ తరగతికి వచ్చిన ఎనిమిది మందిలో ఇద్దరే చదివారు, 25 శాతం. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో “సగానికి సగం పడిపోయింది” అంటారు. ఊళ్లో “సార్ పట్టించుకుంటలేడు” అంటారు.

నిజంగా పడిపోయిందా? ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎనిమిది రూపాయి బిళ్లలు ఎగరేసి, బొమ్మలు ఎన్ని పడ్డాయో రాయండి. సగటున నాలుగు పడాలి. కానీ మళ్లీ మళ్లీ ఎగరేస్తే, పదిసార్లలో దాదాపు మూడుసార్లు బొమ్మలు రెండు గానీ అంతకన్నా తక్కువ గానీ, లేదంటే ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడతాయి. అంటే శాతం 25కి దిగుతుంది, లేదా 75కి ఎక్కుతుంది. బిళ్లలు మారలేదు, ఎగరేసే చెయ్యీ మారలేదు. అదే నలభై బిళ్లలతో చేస్తే అంత తేడా వెయ్యిసార్లలో రెండు మూడుసార్లకు మించి రాదు. ఎనిమిది మంది తరగతిలో ఒక్కొక్క బిడ్డ బరువు పన్నెండున్నర శాతం. ఒకరికి జ్వరమొచ్చినా, ఒక కుటుంబం పనికోసం పట్నం పోయినా అంకె తల్లకిందులవుతుంది.

ఈ చిక్కు మన దగ్గరే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 1,662 బళ్ల మార్కులను హోవర్డ్ వైనర్ అనే గణాంక శాస్త్రవేత్త, హారిస్ జ్వెర్లింగ్ కలిసి పరిశీలించి 2006లో ప్రచురించారు. అన్నిటికన్నా చిన్నవైన 50 బళ్లు మొత్తంలో 3 శాతమే. అయినా ముందు వరసలోని 50 బళ్లలో ఆరు అవే. ఇంతవరకే చూసినవాళ్లు చిన్న బడి మంచి బడి అనుకుంటారు. కానీ అట్టడుగు 50లోనూ తొమ్మిది అవే! చిన్న బడి పైనైనా తేలుతుంది, కిందైనా మునుగుతుంది. అందులో చదువు ఎంతో, లెక్క చేసే మాయ ఎంతో ఒక్క ఏడాది అంకె చెప్పలేదు.

మరి పత్రికల్లో వచ్చే పెద్ద సర్వేల సంగతేమిటి? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, వాటిదీ అదే పద్ధతి. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు ఎంచుకుంటారు. ఇంటికే వెళ్లి పిల్లల చేత ఒక్కొక్కరిగా అక్షరాలు, పదాలు, పేరా, కథ చదివిస్తారు. కేంద్రం 2024 డిసెంబరు 4న జరిపిన పరఖ్ సర్వేక్షణలో 781 జిల్లాల్లోని 74,229 బళ్ల నుంచి 21 లక్షల మందికి పైగా మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలు పరీక్ష రాశారు. ఈ మెతుకులు చెప్పేది కుండ సంగతి. తెలంగాణ గ్రామాల్లో రెండో తరగతి కథ చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 18.1 శాతం ఉంటే, కరోనా తర్వాత 2022లో 5.2 శాతమే అని అసర్ తేల్చింది. రాష్ట్రమంతటి నుంచి తీసిన లెక్క కాబట్టి ఆ పతనాన్ని నమ్మాల్సిందే. కానీ ఫలానా తండా బడి ఎలా ఉందని ఆ అంకెను అడిగితే జవాబు రాదు. ఆ పని కోసం పుట్టిన సర్వే కాదది.

శాతంలో ఇంకో లోపం ఉంది. గీత దాటినవాళ్లనే అది లెక్కపెడుతుంది. జూన్‌లో అక్షరాలు కూడా పట్టని ముగ్గురు పిల్లలు మార్చి నాటికి పేరా చదవగలిగారనుకోండి. టీచరు ఏడాది కష్టం అక్కడే ఉంది. కానీ కథ ఇంకా రాలేదు కాబట్టి శాతం కదలదు.

గీత దాటని పిల్లలంతా ఒకే చోట ఆగారా అంటే అదీ కాదు. 43లోంచి 28 తీసేయమంటే ఒక బిడ్డ 25 అని రాస్తుంది. ఒకట్ల స్థానంలో 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసేసింది. ఆ బిడ్డకు పుల్లల కట్టలు విప్పి, పదిని అప్పు తెచ్చుకోవడం చూపించాలి. పక్కనున్న పిల్లాడు 71 అని రాస్తాడు. వాడు కూడిక తప్పులేకుండా చేశాడు, గుర్తే చూసుకోలేదు. ఇద్దరికీ సున్నా మార్కులే, మందు మాత్రం వేరు. చదవడంలోనూ అంతే. ‘పలక’ గడగడా చదివిన బిడ్డ ‘చెట్టు’ దగ్గర ఒత్తు మింగేసి ‘చెటు’ అంటుంది. ఆ బిడ్డకు కావలసింది ఒత్తుల సాధన. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లాడు ఒత్తులతో సహా చదివేసి, కథలో ఏమైందని అడిగితే మౌనంగా నిలబడొచ్చు. వాడికి కావలసింది తెలుగులో మాట్లాడే అవకాశం.

తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం ఇదే: ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల స్థాయి ముందుగా తెలుసుకుని, అక్కడి నుంచి చెప్పుకుంటూ పోవడం. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని గురి పెట్టింది. ఒక్కొక్క బిడ్డ స్థాయి తెలుసుకునే విషయంలో చిన్న బడికి పెద్ద బడికి లేని వీలుంది. ఎనిమిది మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చదివించడానికి ఒక పూట చాలు.

ఇదంతా బడిని వెనకేసుకు రావడానికి చెప్పే సాకు కాదు. ఒక ఏడాది ఎనిమిది మందిలో ఇద్దరే చదివితే అది యాదృచ్ఛికం కావచ్చు. వరసగా మూడేళ్లు, ఇరవై నాలుగు మందిలో ముగ్గురు నలుగురే చదివితే దాన్ని అదృష్టం మీదికి నెట్టలేం. అందుకే చిన్న బడిని తూచాలంటే మూడేళ్ల లెక్క కలిపి చూడాలి. టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో, పిల్లలు ఎన్ని రోజులు బడికి వచ్చారో ఆ పక్కనే రాసుకోవాలి.

తల్లిదండ్రులు బడి మీటింగ్‌కు వెళ్లినప్పుడు “మన బడికి ఎంత శాతం వచ్చింది సార్?” అని అడగడం కన్నా మూడు ప్రశ్నలు మేలు. మా బిడ్డ జూన్‌లో ఏం చదివేది? ఇప్పుడు ఏం చదువుతోంది? ఎక్కడ ఆగుతోంది? పిల్లల్ని ఎరిగిన టీచరు ఈ మూడింటికీ రిజిస్టరు తెరవకుండానే జవాబు చెప్పగలరు. చెప్పలేకపోతే మాత్రం, శాతం ఎంత బాగున్నా ఊరు ఆలోచించాల్సిందే.